లారీ పోయాక మిగిలే జాడ
(యువజన సదస్సులో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మన సభల్లో మామూలుగా పాట, ఆట, భాష, చదువు, ఉద్యోగం, రిజర్వేషన్ల గురించి మాట్లాడుకుంటాం. అవన్నీ మాట్లాడుకోవాల్సినవే. ఈ రోజు మాత్రం మన కాళ్ల కింద ఉన్న నేల గురించి మాట్లాడాలని అనుకున్నాం. చెట్లు నరికి తరలించేటప్పుడు యంత్రాల బరువు కింద ఆ నేల ఏమవుతుందన్నది మన విషయం.

ఇది మనకెందుకు అని మీకు అనిపించవచ్చు. గుంటూరు, ప్రకాశం అంటే అందరికీ గుర్తొచ్చేది పత్తి, మిరప. కానీ ఈ మెట్ట ప్రాంతమంతా ఇప్పుడు జామాయిల్, సుబాబుల్, తీరం వెంబడి సరుగుడు కూడా ఉన్నాయి. ఆ కర్ర కొట్టే చేతులు, తోలు తీసే చేతులు, లోడింగ్ చేసే భుజాలు చాలా చోట్ల మనవాళ్లవే. ఇప్పుడు ట్రాక్టర్ స్టీరింగ్ మీదా, జేసీబీ లివర్ మీదా కూడా మన పిల్లల చేతులున్నాయి. అటవీ హక్కుల పట్టా ఉన్న కుటుంబాలు, కొద్దో గొప్పో మెట్ట భూమి ఉన్న కుటుంబాలు మనలో ఉన్నాయి. అంటే పని మనది, బండి మనది, కొన్ని చోట్ల నేల కూడా మనదే. ఇక దీని గురించి మనం తెలుసుకోకపోతే ఇంకెవరు తెలుసుకుంటారు?

ముందు ఈ కర్ర కొట్టుడు మన పొలాల్లోకి ఎలా వచ్చిందో రెండు మాటల్లో చెప్పుకుందాం. ఒకప్పుడు కాగితం మిల్లులకు కావలసిన ముడిసరుకు ఎక్కువగా అడవుల్లోని వెదురు. అడవిలో తోటలు పెంచి కలప అందించడానికి 1975లో మన రాష్ట్రంలో అటవీ అభివృద్ధి సంస్థ ఏర్పడింది. 1988 జాతీయ అటవీ విధానం వచ్చాక, మిల్లులు తమకు కావలసిన కర్రను సహజమైన అడవి నుంచి కాకుండా రైతుల దగ్గర పెంచించి తీసుకోవాలన్న దారి పడింది. 1996 డిసెంబర్ 12న సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుతో, ఆమోదం పొందిన ప్రణాళిక లేకుండా అడవుల్లో చెట్లు నరకడం ఆగింది. నల్లమలలో పెద్ద భాగం పులుల అభయారణ్యం కింద ఉంది. అలా రంపం చప్పుడు కొండ మీద తగ్గి, కొండ కిందికి, మెట్ట పొలాల్లోకి దిగింది. నాలుగైదేళ్లకు ఒకసారి నరికే తోటలు వచ్చాయి. నరికిన ప్రతిసారీ బండ్లు దిగుతాయి.

అడవి అయినా, తోట అయినా, చెట్టు కింద నేలకు జరిగే సంగతి ఒక్కటే. అదేమిటో ఇప్పుడు చూద్దాం.

నేలలో సగం ఖాళీయే

బాగున్న నేలను ఒక డబ్బాలోకి యథాతథంగా తీసుకుంటే అందులో దాదాపు సగమే మట్టి. మిగతా సగం ఖాళీ జాగా. సన్న సన్న రంధ్రాలు, వానపాముల దారులు, చెదపురుగుల సందులు, కుళ్లిన వేళ్ల గొట్టాలు. వాన పడితే నీళ్లు ఆ ఖాళీల గుండానే దిగుతాయి. వేరుకు గాలి ఆ ఖాళీల్లోనే దొరుకుతుంది.

ఇది మనకు పుస్తకం చెప్పాల్సిన పని లేదు. ఎలుక కలుగు తవ్వే యానాది తాతకు గునపం దిగేటప్పుడు వచ్చే చప్పుడుతోనే తెలుస్తుంది కింద బోలుగా ఉందో, గట్టిగా ఉందో. గడ్డల కోసం తవ్వే చెంచు అవ్వకు ఏ చెట్టు కింద మట్టి పొడిపొడిగా ఉంటుందో, ఎక్కడ కర్ర దిగదో తెలుసు. ఈతాకు కోసం, వెదురు కోసం వాగుల వెంట తిరిగిన ఎరుకల పెద్దలకు ఏ గట్టు ఏ వానకు తెగుతుందో తెలుసు. ఎద్దుల మీద సరుకు మోసుకుంటూ దేశమంతా తిరిగిన వంశం మన సుగాలీలది. బరువుకూ దారికీ ఉన్న సంబంధం వాళ్లకంటే బాగా ఎవరికి తెలుసు?

శాస్త్రవేత్తలు ఇదే సంగతిని తూకంతో చెబుతారు. నేల నుంచి కదలకుండా తీసిన ఒక లీటరు మట్టిని ఆరబెట్టి తూస్తే, గుల్లగా ఉన్న నేల 1.1 నుంచి 1.3 కిలోల దాకా తూగుతుంది. అదే లీటరు 1.6 కిలోలు దాటిందంటే చాలా నేలల్లో వేరు దిగడానికి కష్టపడుతుంది. మట్టి ఎక్కడి నుంచో వచ్చి చేరలేదు. ఉన్న మట్టే అణిగిపోయి ఖాళీ తగ్గింది. ఆ ఖాళీయే నీటికి ఇల్లు, వేరుకు దారి. అది పోయిందంటే నేల ఉన్నా లేనట్టే.

బరువు వేరు, ఒత్తిడి వేరు

ఇక్కడ ఒక చిన్న సంగతి అర్థం చేసుకోవాలి. ఒంగోలు ఎద్దు ఒక్కోటి అయిదారు వందల కిలోలుంటుంది. జత కలిపితే టన్ను పైన. వాటి గిట్ట చిన్నది కాబట్టి అడుగు పడిన చోట పైమట్టి బాగానే నొక్కుకుంటుంది. కానీ ఆ నొక్కుడు పైపైనే ఆగిపోతుంది. ఎండకు, వానకు, దుక్కికి మళ్లీ విప్పుకుంటుంది.

మామూలు ట్రాక్టర్ ఒక్కటే రెండు టన్నులు. వెనక ట్రాలీ, అందులో పచ్చి కర్ర దాని మీద అదనం. జేసీబీ ఏడున్నర టన్నుల దాకా ఉంటుంది. పది టైర్ల లారీకి సరుకుతో కలిపి చట్టం ఒప్పుకునే బరువే 2018 నుంచి 28.5 టన్నులు. పైమట్టి ఎంత నలుగుతుందన్నది టైరులో గాలి ఎంత గట్టిగా ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆ నలుగుడు ఎంత లోతుకు దిగుతుందన్నది మొత్తం బరువును బట్టి ఉంటుంది. బరువు పెరిగేకొద్దీ దెబ్బ లోతుకు పోతుంది. అడుగున్నర లోతున అణిగిన మట్టిని మన నాగలి తాకలేదు, మామూలు గొర్రు తాకలేదు.

డ్రైవర్ తమ్ముళ్లు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. పొలంలోకి దిగే ట్రాక్టర్ వెనక టైరులో గాలి మామూలుగా 12 నుంచి 20 పౌండ్ల మధ్య ఉంటుంది. రోడ్డు లారీ టైరులో 100 పౌండ్లు దాటి ఉంటుంది. అంటే లారీ టైరు రోడ్డు కోసం చేసింది, పొలం కోసం కాదు. అది పొలంలోకి దిగిందంటే పైన గట్టిదనం, లోపల బరువు, రెండు దెబ్బలూ ఒకేసారి పడతాయి.

మరో ముఖ్యమైన సంగతి. పది ట్రిప్పులు తిరిగితే పది వంతుల నష్టం అనుకుంటాం. అలా కాదు. ఒకే దారిలో తిరిగితే మొదటి రెండు మూడు ట్రిప్పులకే ఎక్కువ నష్టం జరిగిపోతుంది. ఆ తర్వాత తిరిగే వాటితో కొద్దికొద్దిగానే పెరుగుతుంది. కాబట్టి పది బండ్లు పది దారుల్లో తిరిగితే పది దారులూ పాడవుతాయి. పది బండ్లూ ఒక్క దారిలోనే తిరిగితే ఒక్క దారే పాడవుతుంది. చేను మొత్తం తిరగొద్దు, దారి పెట్టుకుని తిరగమని మేము పదే పదే చెప్పేది ఇందుకే. ముందుగా దారులు గుర్తించకుండా యంత్రాలను వదిలేస్తే, నరికిన నేలలో ఐదో వంతు నుంచి మూడో వంతు దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువగా, చక్రాల కింద పడుతుందని వేరే దేశాల అడవుల్లో కొలిచి చూశారు.

ఇక తడి. ఎండిన మట్టి బరువును మోస్తుంది. తడిసిన మట్టి జారి అణుగుతుంది. మిగతా అన్ని కారణాలకన్నా తడిలో బండి దింపడమే నేలకు ఎక్కువ చేటు చేస్తుంది. మన ప్రాంతానికి రెండు రుతుపవనాల వానలూ పడతాయి. జూన్‌లో మొదలైతే డిసెంబర్ దాకా పదును ఆరదు. అక్టోబర్, నవంబర్, డిసెంబర్‌లలో తుఫాన్లు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. మిల్లుకు కర్ర ఏడాది పొడుగునా కావాలి. నేలకు మాత్రం ఏడాదిలో కొన్ని నెలలు చక్రం తగలకూడదు. గొడవంతా అక్కడే ఉంది.

మూడు నేలలు, మూడు తీర్లు

మన దగ్గర అన్ని నేలలూ ఒక్కటి కావు. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. ఆ నెర్రెల వల్ల పైన ఒక అడుగు దాకా అణిగిన మట్టి రెండు మూడేళ్లలో కొంతవరకు తనంతట తానే విప్పుకుంటుంది. ఈ గుణం ఉంది కదా అని చాలామంది రేగడికి ఏమీ కాదనుకుంటారు. కానీ తడి రేగడిలో బండి దిగబడి, టైరు అక్కడే తిరిగితే, మట్టి పిసికిన ముద్దలా అయిపోతుంది. లోతున పడిన దెబ్బ నెర్రెలకు కూడా అందదు. తర్వాత ఆ చేలో పత్తి వేస్తే తల్లివేరు నేరుగా దిగకుండా పక్కకు వంగుతుంది. మిరప వేస్తే గాడి ఉన్న చోట నీళ్లు నిలిచి వేరు కుళ్లుతుంది. చేలో వరుసగా గీత గీసినట్టు మొక్కలు పచ్చబడి వాడిపోతే ఒక్కసారి పాత బండి దారి గుర్తు చేసుకోండి.

ఎర్ర గరప నేల సంగతి వేరు. మార్కాపురం, దోర్నాల, ఎర్రగొండపాలెం వైపు, పల్నాడులో మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి వైపు అడవి అంచుల్లో మన గూడేలు, తండాలు ఎక్కువగా ఈ రకం నేలల మీదే ఉన్నాయి. ఇది రేగడిలాగా నెర్రెలు విచ్చదు. అణిగితే అణిగినట్టే ఉండిపోతుంది. పైన ఆకు, గడ్డి లేకపోతే వాన చినుకు కొట్టి పైన పెంకులా కడుతుంది. దానికి తోడు వాలు. అందువల్ల అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త కావాల్సింది ఈ నేలకే. మనవాళ్ల చేతుల్లో ఎక్కువగా ఉన్నది కూడా ఈ నేలే.

చీరాల, బాపట్ల తీరంలో సరుగుడు పెరిగే ఇసుక నేల పెద్దగా అణగదు. కానీ పైన రాలిన సరుగుడు ఆకు దుప్పటి చెదిరిపోతే గాలికి ఇసుక లేస్తుంది. అక్కడ బండి దారి కంటే ఆకు దుప్పటి గురించి ఆలోచించాలి.

నీళ్ల లెక్క, మట్టి లెక్క

చదువుకున్న పిల్లలు మీరు. ఒక లెక్క చేద్దాం. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సుమారు 4 వేల లీటర్ల నీళ్లు. ఒక పూట 50 మిల్లీమీటర్ల వాన పడితే 2 లక్షల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లతో లెక్కేస్తే 40 ట్యాంకర్లు. గుల్లగా ఉన్న నేలలో అందులో చాలా భాగం లోపలికి దిగుతుంది. అణిగిన నేలలో సగం పైనుంచి పారిపోయినా 20 ట్యాంకర్ల నీళ్లు మన కళ్ల ముందే వాగులోకి పోయినట్టు. ఎండాకాలంలో ఒక్క ట్యాంకర్ కోసం మన కాలనీల్లో బిందెలు పట్టుకుని ఎంతసేపు నిలబడతారో మీకు తెలుసు.

పారే నీళ్లు ఊరికే పోవు. చక్రం గాడి నీటికి తయారుగా ఉన్న కాలువ. వాలు వెంబడి పైనుంచి కిందికి గాడి ఉందంటే మొదటి వానకు అది నీటి దారి అవుతుంది, రెండో ఏటికి కోత అవుతుంది, నాలుగో ఏటికి వంక అవుతుంది. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు మందం మట్టి కొట్టుకుపోతే అది 5 టన్నుల పైమాటే. కంటికి కనిపించదు. ఒక అంగుళం మట్టి తయారు కావడానికి వందల ఏళ్లు పడుతుంది. అది పోవడానికి కొన్ని వానలు చాలు. పోయేది మామూలు మట్టి కూడా కాదు. ఆకు కుళ్లి బలం చేరిన పైమట్టి.

ఆ మట్టి ఎక్కడికి పోతుంది? నల్లమలలో పుట్టే గుండ్లకమ్మ మన మెట్ట మీదుగా పారి సముద్రంలో కలుస్తుంది. దారిలో రెండు కొండల మధ్య కట్టిన కంభం చెరువు ఉంది. విజయనగర రాజుల కాలంలో వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకునే చెరువు. కట్ట ఎత్తు సుమారు 57 అడుగులు. 2020లో దీనికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. వందల ఏళ్ల నాడు మనుషులు, ఎద్దులు మోసిన మట్టితో కట్టిన కట్ట ఇప్పటికీ నిలిచింది. కానీ పైనుంచి వచ్చే పూడికతో చెరువు లోపలి జాగా తరుగుతూ వస్తుంది. కృష్ణ మీద శ్రీశైలం జలాశయం కట్టినప్పుడు 308 టీఎంసీల నీళ్లు పట్టేది, తర్వాత అది 215 టీఎంసీల దగ్గరికి తగ్గింది. ఈ పూడిక అంతా కర్ర బండ్ల వల్ల వచ్చిందని మేము అనడం లేదు. దుక్కులు, గనులు, రోడ్లు, కాలిపోయిన కొండలు, అన్నిటి మట్టీ అందులో ఉంది. కానీ మన చేను నుంచి, మన తోట నుంచి పోయేది మన వాటా. ఆ వాటా తగ్గించడం మన చేతుల్లో ఉంది.

యంత్రం శత్రువు కాదు

ఇప్పుడు మీలో ఒకరు లేచి, "అన్నా, మళ్లీ మమ్మల్ని భుజాన మొద్దులు మోయమంటారా?" అని అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. మేము అలా అనం. పచ్చి కర్ర మోసి నడుములు పడిపోయిన అన్నలు మనలో ఉన్నారు. అడ్వాన్స్ తీసుకుని అది తీరేదాకా కుటుంబంతో సహా తోటల్లో గుడిసెలు వేసుకుని బతికిన వాళ్లు ఉన్నారు. యంత్రం వచ్చి ఆ బరువు కొంత దించింది. అది మంచిదే. మనం అడిగేది యంత్రం వద్దని కాదు, ఎప్పుడు దిగాలి, ఎక్కడ తిరగాలి అని.

అసలు చిక్కు డబ్బు లెక్కలో ఉంది. కొట్టేవాళ్లకు టన్నుకు ఇంత కూలి. బండికి ట్రిప్పుకు ఇంత బాడుగ. వాన పడిందని రెండు రోజులు ఆగితే నష్టపోయేది కూలివాడు, డ్రైవరు. ఆగకుండా దిగితే నష్టపోయేది నేల. టన్నుకు లెక్క ఉంది, ట్రిప్పుకు లెక్క ఉంది, నేలకు మాత్రం లెక్క లేదు. అందుకే అందరూ దగ్గర దారి చూసుకుంటారు. ఇందులో డ్రైవర్ తమ్ముడిని తప్పుపట్టి లాభం లేదు. ఒప్పందం మాట్లాడుకునేటప్పుడే నేల లెక్క కూడా అందులోకి రావాలి. ఆగిన రోజుకు బత్తా ఎవరిస్తారో ముందే అనుకోవాలి. అప్పుడు నేలనూ కూలినీ రెండిటినీ కాపాడుకోవచ్చు.

పెద్ద పెద్ద యంత్రాలున్న దేశాలు కూడా ఈ దారికే వచ్చాయి. జర్మనీ అడవుల్లో యంత్రం ఇష్టమొచ్చినట్టు తిరగడానికి వీల్లేదు. 20 మీటర్లకో 40 మీటర్లకో ఒకటి చొప్పున శాశ్వతమైన దారులు గుర్తిస్తారు. యంత్రం ఆ దారిలోనే నిలబడి చెయ్యి చాచి చెట్టును అందుకుంటుంది. నరికిన కొమ్మలను దారి మీద పరచి వాటి మీదుగా నడుపుతారు. వాళ్లకున్న యంత్రాలు మనకు లేవు. కానీ దారి గుర్తించడానికి, కొమ్మ పరచడానికి యంత్రం అక్కర్లేదు.

మనం చేయగలిగినవి

ఇక పనికొచ్చే మాటలకు వద్దాం. ఇవి రాసుకోండి.

ఒకటి, బండి దింపే ముందు మట్టిని చూడండి. జానెడు లోతు నుంచి పిడికెడు మట్టి తీసి గట్టిగా నొక్కండి. పొడిగా రాలిపోతే బండి దింపొచ్చు. ఉండ కట్టి, వేళ్ల మధ్య రిబ్బన్‌లా సాగితే ఆరోజు దింపొద్దు. పైన ఆరినట్టు కనిపించినా లోపల తడి ఉంటుంది. పైమట్టిని చూసి మోసపోవద్దు.

రెండు, నరుకుడు ఫిబ్రవరి నుంచి మే వరకు పెట్టుకునేలా మాట్లాడుకోండి. తప్పనిసరై వానల్లో కొట్టాల్సి వస్తే కొట్టి పేర్చండి, తరలింపు నేల ఆరాక పెట్టుకోండి.

మూడు, లారీని చేలోకి రానివ్వొద్దు. అది రోడ్డు పక్కనే, గట్టి జాగాలో ఆగాలి. చేలో నుంచి అక్కడి దాకా ట్రాక్టరే తెస్తుంది. లోడు కాస్త తగ్గించి, టైరులో గాలి కంపెనీ చెప్పిన తక్కువ హద్దులో ఉంచితే ఇంకా మంచిది.

నాలుగు, నరకడం మొదలుపెట్టక ముందే సున్నంతోనో, గుడ్డ పీలికలతోనో బండి దారి గుర్తించండి. అన్ని ట్రిప్పులూ అదే దారి. వాలు నేలలో దారి నిలువుగా పైనుంచి కిందికి ఉండకూడదు, వాలుకు అడ్డంగా ఉండాలి. వాగు ఒడ్డున కొంత మేర చక్రం అసలు తగలకూడదు.

ఐదు, కొమ్మ, ఆకు దారి మీద పరచండి. ఇక్కడ మన ఇంటి గొడవ ఒకటి ఉంది. ఆ కొమ్మలే మన అమ్మల పొయ్యిలో కట్టెలు, కొందరికి అమ్ముకునే మోపు. అన్నీ నేలకే వదలమని మేము చెప్పలేం. లావు కొమ్మ పొయ్యికి, సన్న రెమ్మ, ఆకు నేలకు. ఈ పంపకం చేసుకుంటే ఇద్దరికీ సరిపోతుంది. నరికాక చెత్తకు నిప్పు మాత్రం పెట్టొద్దు. నేల మీది దుప్పటిని కాల్చేసుకుంటే మళ్లీ కప్పడానికి మన దగ్గర ఏమీ ఉండదు.

ఆరు, పని అయిపోయిన రోజే గాడులు మూయండి. వాలు మీద గాడికి అడ్డంగా అక్కడక్కడ చిన్న మట్టి కట్టలు వేసి నీటిని పక్కన గడ్డిలోకి మళ్లించండి. గునపం, పార ఉంటే ఇద్దరు మనుషులు ఒక పూటలో చేసే పని. మొదటి వాన తర్వాత చేద్దామంటే అప్పటికే గాడి వంక అయి ఉంటుంది.

ఏడు, తోట తీసేసి పంటకు మళ్లేటప్పుడు మొద్దులు పెకలించడానికి జేసీబీని చేను మొత్తం తిప్పుతారు. అడుగు మట్టి పైకి, పైమట్టి అడుక్కి పోతుంది. వాలు నేలలో వీలైతే మొద్దులు అలాగే వదిలి, పిలకలు కొడుతూ చావనివ్వండి. తీయక తప్పకపోతే ఎండాకాలంలోనే తీయించండి. గుంట పూడ్చేటప్పుడు పైమట్టి పైనే పడేలా దగ్గరుండి చూసుకోండి.

ఎనిమిది, అణిగిన దారిని బాగుచేసుకోవాలంటే ఎండిన కాలంలో లోతు దుక్కి చేయించి, వానలకు జనుమో, జీలుగో, పిల్లిపెసరో చల్లండి. తర్వాత కంది వేయండి. కంది వేరు లోతుకు పోతుంది. తడిలో చేసిన లోతు దుక్కి మేలు చేయదు, ఇంకాస్త పిసుకుతుంది. లోతు దెబ్బ ఒక్క ఏడుతో మానదు. ఏళ్లు పడుతుంది. అందుకే మందు కంటే ముందుజాగ్రత్తే చౌక.

గ్రామసభ చేతిలో ఉన్న బలం

చివరిగా హక్కు మాట. 2006 అటవీ హక్కుల చట్టం మనకు పట్టా ఇచ్చే చట్టం మాత్రమే అనుకుంటాం. ఆ చట్టంలోని 5వ సెక్షన్ చదవండి. అడవిని, వన్యప్రాణులను కాపాడటంతో పాటు, చుట్టుపక్కల పరీవాహక ప్రాంతాలను, నీటి వనరులను కాపాడుకునే అధికారం హక్కుదారులకు, గ్రామసభకు ఆ సెక్షన్ ఇచ్చింది. అంటే అడవిలో హక్కులున్న గూడెం, మన చెరువులోకి దిగే వాలు మీద ఏ పని జరుగుతున్నా గ్రామసభలో అడగొచ్చు, తీర్మానం చేయొచ్చు. ఆ చట్టం కింద వచ్చిన భూమి వారసులకు వస్తుంది, అమ్మడానికి, బదిలీ చేయడానికి వీల్లేదు. అమ్ముకోలేని నేల అంటే అర్థం ఏమిటి? అది పాడైతే వదిలేసి ఇంకో చోట కొనుక్కునే దారి మనకు లేదని అర్థం. కొడుకుకూ కూతురికీ ఇవ్వబోయేది ఆ నేలే. కాబట్టి దాని బలం ఎంత మిగిలిందన్నది మన పిల్లల ఆస్తి ఎంత మిగిలిందన్న లెక్క.

కర్ర వ్యాపారితో మాట్లాడేటప్పుడు మనవాళ్లు ధర ఒక్కటే మాట్లాడతారు. ఇక మీదట కాగితం మీద ఇంకో నాలుగు వాక్యాలు రాయించండి. ఏ నెలలో నరకాలి, బండి ఏ దారిలో తిరగాలి, వాన పడితే ఎన్ని రోజులు ఆగాలి, గాడులు ఎవరు పూడ్చాలి. చదువు రాని తాతల తరఫున ఆ నాలుగు వాక్యాలు రాసేది మీరే. కూలి, అడ్వాన్స్ లెక్క కూడా అదే కాగితం మీద రాయండి. నేలను కాపాడే కాగితమే కూలిని కూడా కాపాడాలి.

ప్రతి గూడెం, ప్రతి తండా, ప్రతి కాలనీ నుంచి ఇద్దరు ముగ్గురు పిల్లలు కలిసి ఈ ఎండాకాలంలో ఒక పని చేయాలని మా సంఘం కోరిక. మీ ఊరి చుట్టూ పాత కర్ర బండ్ల దారులు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక పెద్ద కాగితం మీద గీయండి. ఒక పెద్దాయననో, పెద్దమ్మనో వెంట తీసుకుని గునపంతో వెళ్లండి. బండి దారిలో ఒక పోటు, పక్కనే చెట్టు కింద ఒక పోటు వేసి, ఎంత లోతు దిగిందో జానలతో కొలిచి రాయండి. ఏ గాడి వంకగా మారిందో గుర్తుపెట్టండి. వానలు వచ్చే లోపు ఆ పటం మీ గ్రామసభ ముందు పెట్టండి. గునపం పోటు లెక్క పెద్దలు చెబుతారు, కాగితం మీద మీరు ఎక్కించండి. ఏ దారి ముందు పూడ్చాలో గ్రామసభ తేల్చాక పార పట్టుకుని ఆ పని మొదలుపెట్టండి. మా సంఘం వాళ్లం మీతో పాటు వస్తాం.

జై ఆదివాసీ!